మొహమాటం ఇంట్లో పెట్టి... పారిస్ చూసి రండి!

"అమ్మాయి పారిస్‌లో ఉంటోంది, మూడు నెలలు వచ్చి ఉండమంటోంది" అని చెప్పేటప్పుడు మీ గొంతులో ఎంత సంతోషమో! "పొద్దున తొమ్మిదికల్లా వాళ్లిద్దరూ ఆఫీసులకి పోతారు, సాయంత్రం దాకా నేనొక్కదాన్నే..." అనేటప్పుడు అంత దిగులూ వినపడుతుంది. ఇలా వెళ్లిన తల్లులు చాలామంది చేసేది ఒకటే. ఆవకాయ, కందిపొడి మోసుకెళ్లి, పిల్లలకి వండిపెట్టి, కిటికీలోంచి వీధి చూసి, ఆదివారం వాళ్లు తీసుకెళ్లిన చోటికి వెళ్లి, మూడు నెలలూ గడిపి తిరిగి వచ్చేస్తారు. లోకమంతా డబ్బు పోసి చూడడానికి వచ్చే ఊళ్లో ఉండి కూడా గడప దాటరు!

ఎందుకమ్మా అంటే, "ఊరు కాని ఊరు, భాష రాదు, పైగా దొంగలట!" అంటారు. దొంగలున్న మాట నిజమే. 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ మ్యూజియం సిబ్బంది జేబుదొంగల బాధ పడలేక ఒకరోజు పని మానేశారు. ఆ రోజు మ్యూజియం తలుపులే తెరవలేదు. 2015 మే నెలలో ఈఫిల్ టవర్ సిబ్బంది కూడా ఇదే కారణంతో కొన్ని గంటలపాటు పని ఆపారు.

అయితే ఒక్క సంగతి గమనించండి. అక్కడ పర్యాటకులు పోగొట్టుకునే సొమ్ములో ఎక్కువభాగం కత్తి చూపించి లాక్కున్నది కాదు. మాటల్లో పెట్టి, రద్దీలో తోసి, కనబడకుండా కొట్టేసింది. అంటే దొంగకి కావలసిందల్లా మీ కళ్లూ చేతులూ ఒక్క నిమిషం వేరే పనిలో ఉండడం. ఆ నిమిషాన్ని మొహమాటంకొద్దీ మనమే ఇచ్చేస్తాం. ఎవరైనా పలకరిస్తే ఆగుతాం. ఏదైనా చేతికిస్తే పుచ్చుకుంటాం. 'వద్దు' అనడానికి నోరు రాదు. చిన్నప్పట్నించీ మనకి నేర్పిన పద్ధతి అది మరి! పేరంటంలో అది అందంగానే ఉంటుంది. పారిస్ వీధిలో మటుకు దాన్ని పక్కన పెట్టాలి. అదొక్కటి నేర్చుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ మీకు కొట్టినపిండే.

ముందు టైలరు దగ్గరికి

వీసా, టిక్కెట్ల సంగతి పిల్లలు చూసుకుంటారు. మీరు టైలరు దగ్గరికి వెళ్లండి. చీర కట్టేవారైతే లంగాకి, డ్రెస్ వేసుకునేవారైతే పైజమాకి, నడుము దగ్గర లోపలివైపు జిప్పు ఉన్న జేబు కుట్టించుకోండి. మన అమ్మమ్మలు డబ్బు రొంటిన దోపుకునేవారే, అదే కిటుకు. పరదేశీయులు గుర్తింపు కాగితాలు దగ్గర ఉంచుకోవాలని అక్కడి చట్టం. కాబట్టి పాస్‌పోర్టు, పెద్ద నోట్లు, రెండు కార్డులుంటే అందులో ఒకటి ఈ జేబులో ఉండాలి. నలుగురిలో ఆ జేబు తెరవకండి. చిల్లర ఖర్చుకి ఇరవై, ముప్ఫై యూరోలు విడిగా చిన్న పర్సులో పెట్టుకోండి.

హ్యాండ్‌బ్యాగు భుజానికి వేలాడేది వద్దు. మెడమీదుగా అడ్డంగా వేసుకుని పొట్టమీదికి తెచ్చుకునేది కావాలి, జిప్పు ఉండాలి. ఆ జిప్పు కొసని బ్యాగు గుడ్డకి ఒక పిన్నీసుతో గుచ్చెయ్యండి. మన ఆడవాళ్ల దగ్గర పిన్నీసులకి కొదవేముంది! దొంగచెయ్యి జిప్పు మీద పడినా పిన్నీసు తియ్యడానికి సమయం పడుతుంది. అంత సమయం వాడికి ఉండదు.

ఇక బంగారం. ఇక్కడే మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. మెడలో గొలుసులు తెంపుకుపోవడం అక్కడా ఉంది. నానుతాడు, గాజులు ఇక్కడే లాకరులో పెట్టి వెళ్లండి. మంగళసూత్రం తియ్యడం ఇష్టం లేకపోతే సూత్రాలు పసుపుతాడుకి గుచ్చుకుని జాకెట్టు లోపలికి వేసుకోండి. పైన ఒక స్కార్ఫు చుట్టుకుంటే చలికీ పనికొస్తుంది, మెడా కనబడదు.

పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు కాగితాల నకళ్లు రెండు తీయించి ఒకటి పెట్టెలో, ఒకటి అమ్మాయి దగ్గర ఉంచండి. ఆ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్సు ఎలాగూ తప్పనిసరి. వాళ్లకి ఫోను చెయ్యవలసిన నంబరు ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

విమానం దిగగానే

పిల్లలు ఎదురొస్తే సరే. రాలేకపోతే మాత్రం, బయటికి రాగానే "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికి వచ్చి పెట్టె అందుకోబోయేవాళ్ల వెంట వెళ్లకండి. అసలు టాక్సీలు బయట స్టాండులో వరసగా ఉంటాయి, మనుషుల్ని వెతుక్కుంటూ లోపలికి రావు. వాటి నెత్తిన దీపం ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే ఖాళీ అని, ఎర్రగా ఉంటే మనిషి ఉన్నట్టు. చార్ల్స్ డి గాల్ విమానాశ్రయం నుంచి పారిస్‌లోకి ధర ముందే ఖాయం చేసి ఉంటుంది. 2025లో సేన్ నదికి కుడి ఒడ్డున దిగితే 56 యూరోలు, ఎడమ ఒడ్డున అయితే 65. రైలైతే 2025లో 13 యూరోలే. కానీ పెద్ద పెట్టెలతో, నిద్రలేని కళ్లతో, ఒంటరిగా, రాత్రివేళ రైలు ఎక్కడం మంచిది కాదు. ఆ ఒక్కరోజు డబ్బుకి చూసుకోకండి.

గుమ్మం దగ్గర జాగ్రత్త

ఇది ఎవరూ చెప్పరు, చెత్త పారెయ్యడానికి బయటికొచ్చినప్పుడు తెలుస్తుంది! అక్కడ చాలా ఇళ్ల తలుపులు మన వెనకాల మూసుకోగానే గడియ పడిపోతాయి, తాళంచెవి లేకుండా బయటినుంచి తెరుచుకోవు. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, మీరు నైటీతో మెట్ల మీద ఉంటారు. అందుకని తాళంచెవి ఒక తాడుకి కట్టి మెడలో వేసుకోండి. రెండో చెవి తెలిసినవారి ఇంట్లో ఉంచమని అమ్మాయికి చెప్పండి.

పోస్టు డబ్బాల్లో 'ముఖ్యమైన ఫోన్ నంబర్లు' అంటూ ప్రభుత్వంవారు వేసినట్టే కనిపించే రంగు కాగితాలు పడుతుంటాయి. వాటిలో తాళాలు తీసేవాళ్ల నంబర్లు ఉంటాయి. అలాంటివాళ్లని పిలిస్తే చిన్న పనికి వందల యూరోలు గుంజిన సంగతులు బోలెడు. ఆ నంబరుకి చెయ్యకండి, అమ్మాయికే చెయ్యండి.

వీధి తలుపు తెరవడానికి నాలుగైదు అంకెల కోడ్ ఉంటుంది. మీరు నొక్కుతుంటే వెనకాల ఎవరైనా కాచుకుని ఉంటే, ముందుకు నడిచిపోయి ఒక చుట్టు తిరిగి రండి. వాళ్లకోసం తలుపు పట్టుకోవడం మర్యాదే కావచ్చు, ఇక్కడ అక్కర్లేదు.

మెట్రోలో ఎక్కడ నిలబడాలి?

పారిస్ మెట్రో నేర్చుకుంటే ఊరంతా మీదే. 2025లో ఒక ప్రయాణం 2.50 యూరోలు. నవిగో ఈజీ అనే కార్డు 2 యూరోలకి కొని టిక్కెట్లు అందులో వేయించుకోవచ్చు. మనిషికి ఒక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడానికి కుదరదు. బయటికి వచ్చేదాకా కార్డు భద్రంగా ఉంచుకోండి, తనిఖీ చేసేవాళ్లు ఉంటారు.

కార్డు కొనేటప్పుడు మెషిన్ దగ్గర "నేను సాయం చేస్తా" అని ఎవరైనా వస్తే వద్దనండి. వారానికి సరిపడే టిక్కెట్ అని డబ్బు పుచ్చుకుని, చేతిలో పిల్లల టిక్కెట్ ఒకటి పెట్టి మాయమైపోతారు. సాయం కావాలంటే గాజు గదిలో కూర్చున్న ఉద్యోగిని అడగండి.

రైల్లో తలుపు పక్కన ఫోను పట్టుకుని నిలబడకండి. తలుపులు మూసుకునే ముందు గంట మోగుతుంది చూడండి, సరిగ్గా అప్పుడే చేతిలోది లాక్కుని దిగిపోతారు. మీరు తేరుకునేలోగా రైలు కదులుతుంది. ఎక్కేటప్పుడు మీ ముందున్న అమ్మాయి ఉన్నట్టుండి ఆగిపోయి, వెనకనుంచి మరొకరు తోస్తే అది రద్దీ అనుకోకండి, ముందు బ్యాగు మీద చెయ్యి వెయ్యండి. లూవ్ర్ మీదుగా పోయే 1వ నంబరు లైను లాంటి పర్యాటకుల లైన్లలో ఇది మరీ ఎక్కువ. లోపలికి వెళ్లి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. దారి చూసుకోవాలంటే ప్లాట్‌ఫారం మీద గోడకి ఆనుకుని చూసుకోండి.

మాట కలిపేవాళ్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పారిస్‌లో ఏళ్లతరబడి సాగుతున్న నాటకాలు కొన్ని ఉన్నాయి. ఒక్కసారి కథ తెలిస్తే మళ్లీ మీరు మోసపోరు.

మొదటిది దారం కట్టేవాళ్లు. మోమార్త్ర్ కొండమీద సాక్రే కేర్ అనే తెల్లటి చర్చి ఉంది. దాని మెట్ల కింద కొందరు రంగు దారాలు పట్టుకుని నిలబడతారు. నవ్వుతూ వచ్చి, మీ వేలికో మణికట్టుకో దారం చుట్టి అల్లడం మొదలుపెడతారు. మనకి చేతికి తోరం, రక్ష కట్టించుకోవడం అలవాటు కదా, చెయ్యి చాపేస్తాం! ముడి పడ్డాక తీయడం రాదు. ఇరవై యూరోలు ఇమ్మని నిలదీస్తారు. ఆ గొడవలో ఉండగా వేరే చెయ్యి మీ బ్యాగులో ఉన్నా ఉండొచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకోండి, లేదా కట్టుకుని నడవండి. దారం చుట్టడానికి చెయ్యి దొరక్కపోతే వాళ్లేం చేస్తారు?

రెండోది బంగారు ఉంగరం. సేన్ నది వంతెనల మీద, త్విలరీ తోటల దగ్గర మీ ముందు నడిచే మనిషి వంగి, నేల మీద ఉంగరం తీసి, "ఇది మీదేనా?" అంటుంది. కాదంటే, "నాకు పట్టదు, మీరే ఉంచుకోండి, అదృష్టం" అని చేతిలో పెడుతుంది. నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి "ఆకలేస్తోంది, కాస్త డబ్బివ్వండి" అంటుంది. పుచ్చుకున్నాం గనక ఇవ్వాలనిపిస్తుంది. అది ఇత్తడి! చేతిలోకి తీసుకుంటే మీరు బరువు చూసే చెప్పెయ్యగలరు. అసలు చేతిలోకే తీసుకోకండి.

మూడోది సంతకాలు. అట్టకి కాగితం తగిలించి ఆడపిల్లలు గుంపుగా వస్తారు. "ఇంగ్లీషు వచ్చా?" అని అడుగుతారు, లేదా చెవిటి మూగ పిల్లలకోసం అని సైగలు చేస్తారు. మీరు సంతకం పెడుతుంటే ఆ అట్ట మీ బ్యాగుకి అడ్డం పడుతుంది. ఆ అడ్డం కోసమే ఆ అట్ట. ఇంగ్లీషు వచ్చా అంటే జవాబే చెప్పకండి.

నాలుగోది మూడు గిన్నెల ఆట. ఈఫిల్ టవర్ చుట్టుపక్కల చాప పరిచి, మూడు గిన్నెల్లో బంతి ఎక్కడుందో చెప్పమంటారు. చుట్టూ నిలబడి గెలుస్తున్నవాళ్లంతా వాళ్ల మనుషులే. మన తిరణాళ్లలో మూడు ముక్కలాట లాంటిదే. ఆడకపోయినా, చూస్తూ నిలబడ్డా జేబులు కత్తిరిస్తారు.

అయిదోది కాఫీ బల్ల. బయట కుర్చీల్లో కూర్చుని ఫోను బల్ల మీద పెడతాం. ఎవరో వచ్చి ఒక కాగితమో మ్యాపో ఫోనుమీద పరిచి ఏదో అడుగుతారు. కాగితంతోపాటు ఫోనూ పోతుంది. ఫోను బల్లమీద వద్దు, బ్యాగు కుర్చీ వీపుకి తగిలించవద్దు.

ఆరోది దొంగ పోలీసులు. మామూలు బట్టల్లో వచ్చి కార్డు ఒకటి చూపించి, "దొంగనోట్లు తిరుగుతున్నాయి, పర్సు చూపించండి" అంటారు. నిజమైన పోలీసు పాస్‌పోర్టు అడగొచ్చు, మీ డబ్బు లెక్కపెట్టడు. "స్టేషన్‌కి వెళ్దాం పదండి" అనండి, వాళ్లే జారుకుంటారు.

ఆరింటికీ మందు ఒకటే. ఆగకండి, చేతికి ఏదీ పుచ్చుకోకండి, కారణం చెప్పకండి. "నో, మెర్సీ" అంటే 'వద్దండీ, థాంక్స్' అని. ఒక్కసారి అని నడిచిపొండి. వాళ్లు తిడితే తిట్టనివ్వండి, మళ్లీ జన్మలో మీకు కనబడరు! ఇంట్లో అద్దం ముందు పదిసార్లు అని చూసుకోండి. నవ్వకుండా అనడమే కష్టం.

మర్యాద చూపాల్సిన చోటు

అలాగని మూతి బిగించుకుని తిరగమని చెప్పడంలేదు. వీధిలో తనంతట తాను మీ దగ్గరికి వచ్చినవాడికి మొహమాటం అక్కర్లేదు. మీరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో వాళ్లకి మర్యాద తప్పకుండా కావాలి. పారిస్‌లో దుకాణంలో అడుగుపెట్టగానే "బోంజూర్" అనకుండా సరుకు అడగడం మన ఇంటికి వచ్చినవాళ్లు చెప్పులతో వంటింట్లోకి వచ్చినంత! బోంజూర్ మదామ్, బోంజూర్ మెస్యూ అన్నారంటే మొహాలు విచ్చుకుంటాయి. యానాం వైపు పెద్దవాళ్లకి ఈ మాట కొత్తేమీ కాదు, 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలనే కదా.

మీ వీధిలో రొట్టెల దుకాణం, మందుల షాపు వాళ్లతో మొదటివారంలోనే ఇలా పరిచయం చేసుకోండి. మందుల షాపుకి ఆకుపచ్చ దీపాల శిలువ గుర్తు ఉంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది. దారి తప్పినా, ఎవరైనా వెంటపడుతున్నారనిపించినా అలాంటి దుకాణంలోకి దూరండి. దారి అడగాలంటే మీరే మనిషిని ఎంచుకోండి. పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లినో, కౌంటరు వెనకాల ఉన్న మనిషినో అడగండి.

ఇంకో సంగతి. బయటికి వెళ్తే బాత్రూమ్ ఎలా అని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. వీధుల్లో బూడిదరంగు గదుల్లా ఉండే మరుగుదొడ్లు ఉచితం, వాటంతటవే కడుక్కుంటాయి. తలుపు మూసుకోగానే కడిగేస్తాయి, కాబట్టి ముందున్న మనిషి బయటికి రాగానే దూరకండి, తలుపు పడనిచ్చి మళ్లీ బటన్ నొక్కండి! 1872 నుంచీ ఉన్న ఆకుపచ్చ ఇనుప వాలెస్ కుళాయిల నీళ్లు తాగడానికి మంచివి.

ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే

వీధిలో ఆడవాళ్లని మాటలతో వేధించడం ఫ్రాన్సులో 2018 చట్టం ప్రకారం జరిమానా పడే నేరం. 2018లో అది 90 యూరోల నుంచి మొదలయ్యేది. రైల్లో ఎవరైనా మీద చెయ్యి వేస్తే ఊరుకోకండి. తెలుగులోనే గట్టిగా అరవండి, మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది. "ఓ సెకూర్" అంటే 'కాపాడండి' అని. ఆ స్టేషన్లోనే దిగి, మనుషులున్న చోటికి నడవండి.

పొద్దు సంగతి కూడా గుర్తుంచుకోండి. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది, డిసెంబరులో అయిదింటికే చీకటి పడుతుంది. గార్ దు నోర్ రైల్వేస్టేషన్, దాని పక్క లా షాపెల్‌లో పగలు నిక్షేపంగా తిరగొచ్చు. అక్కడ శ్రీలంక తమిళుల దుకాణాల్లో కరివేపాకు, మునక్కాయలు, ఇడ్లీరవ్వ దొరుకుతాయి. బాగా పొద్దుపోయాక మాత్రం ఆ చుట్టుపక్కల ఒంటరిగా వద్దు.

పొరపాటున పోతే...

కంగారు పడకండి. ముందు కార్డు ఆపించండి. బ్యాంకు నంబరు ఫోనులోనే ఉంటే ఫోనుతోపాటు అదీ పోతుంది, అందుకే కాగితం మీద రాసి లోపలి జేబులో ఉంచమనేది. తర్వాత దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితం తీసుకోండి. ఇన్సూరెన్సుకీ, కొత్త పాస్‌పోర్టుకీ అదే ఆధారం. పాస్‌పోర్టు పోతే 16వ వార్డులో లా ముయెత్ మెట్రో దగ్గర మన భారత రాయబార కార్యాలయం ఉంది. తిరుగు ప్రయాణం దగ్గరపడితే ఇంటికి చేరడానికి అత్యవసర పత్రం ఇస్తారు.

ఒక చీటీ మీద రాసుకోండి

- 112: ఏ ఆపదకైనా, యూరప్ దేశాల్లో చాలాచోట్ల ఇదే
- 17: పోలీసు
- 15: వైద్య సహాయం
- 18: అగ్నిమాపక దళం
- 114: మాట్లాడలేని పరిస్థితిలో మెసేజ్ పంపడానికి
- 3117: రైల్లో, మెట్రోలో ఆపద వస్తే, మెసేజ్ అయితే 31177
- అమ్మాయి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పిన్‌కోడుతో సహా

ఆ పిన్‌కోడులో చివరి రెండంకెలే మీ వార్డు నంబరు. 75015 అంటే 15వ వార్డు. మొత్తం 20 వార్డులు, ఊరి మధ్యనుంచి నత్తగుల్లలా చుట్టుకుంటూ బయటికి పోతాయి. ఈ ఒక్కటి తెలిస్తే ఊళ్లో ఎక్కడున్నారో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

ఇక మొదలుపెట్టండి. సోమవారం మూలమీది రొట్టెల దుకాణానికి. మంగళవారం మందుల షాపుదాకా. బుధవారం మెట్రోలో ఒక్క స్టేషను వెళ్లి, దిగి, తిరిగి రండి. గురువారం రెండు స్టేషన్లు. బయలుదేరినప్పుడూ చేరినప్పుడూ అమ్మాయికి ఒక మెసేజ్. శుక్రవారం 6వ వార్డులో లుగ్జాంబూర్ తోటకి వెళ్లండి. చెట్లకింద ఆకుపచ్చ ఇనుప కుర్చీలు వేసి ఉంటాయి, కూర్చుంటే ఎవరూ డబ్బడగరు. బ్యాగు పట్టీ మోకాలికి ఒక చుట్టు చుట్టి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినండి. సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చాక, ఆ రోజు ఏం చూశారో మీరు చెప్పండి, తను వింటుంది.